గీతలు పడ్డ గొంతు

మనిషి మాటకు విలువ రావాలంటే అతను ముందు చచ్చిపోవాలి. ఆ తర్వాత ఒక నల్లటి పళ్లెం మీద గీతలై గిరగిరా తిరగాలి. ఈ రెండూ జరగకుండానే నోరు తెరిచేవాళ్ళందరూ అవతలివాళ్ళ ప్రాణం తీసేవాళ్ళే. అందులో నేనూ ఉన్నాను, మీరూ ఉన్నారు.

కోపం తెచ్చుకోకండి. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటికొచ్చినవాణ్ని. పాత బీరువాలకూ కుర్చీలకూ పాలిష్ పట్టి బతుకుతున్నవాణ్ని. పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు చేతకావు. కానీ మన రేడియోవాళ్ళు రోజూ మధ్యాహ్నం వేస్తున్న ‘పాత మాట’ కార్యక్రమం మానవజాతికి దొరికిన వరమని మాత్రం టేబులు గుద్ది చెప్పగలను. గుద్దేవాణ్నే, పాలిష్ ఇంకా ఆరలేదు.

వినని దురదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. పాటల రికార్డులు అందరికీ తెలుసు. ఒకప్పుడు మాటల రికార్డులు కూడా వచ్చేవి. పాట ఉండదు, వాయిద్యం ఉండదు. ఎవరో ఒక మనిషి గొంతు సవరించుకుని ఏదో ఒకటి చెబుతూ ఉంటాడు. ఆ రికార్డుల్ని ఎక్కడెక్కడి అటకల మీంచో దింపి, దుమ్ము దులిపి, మన రేడియోలో వేస్తున్నారు. దుమ్ము మరీ ఎక్కువగా దులపడం లేదు. దుమ్ములోనే ఉంది మహత్తంతా.

ఈ రికార్డు మనిషిలో ఉన్న సుగుణాలు చూడండి. మీరు ‘ఊఁ’ కొట్టక్కర్లేదు. ‘నేనింతసేపూ ఏం చెప్పానో చెప్పు చూద్దాం’ అని మధ్యలో పరీక్ష పెట్టడు. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి చెప్పడు. విసుగొస్తే ముల్లు ఎత్తేస్తే చాలు, ఏమీ అనుకోడు. ఇంట్లో తిరిగే మనుషులకు ఆ ముల్లు ఎక్కడుంటుందో ఇంతవరకూ ఎవరైనా కనిపెట్టారా?

మొదటి వారం ఏం వేశారో తెలుసా? కుట్టు మిషను కొన్నవాళ్ళకు కంపెనీవాళ్ళు ఉచితంగా ఇచ్చిన రికార్డు. సూదిలోకి దారం ఎలా ఎక్కించాలో ఒకాయన చెబుతాడు. ‘దారపు కొసను తడి చేయండి. తొందర పడకండి. మళ్ళీ ప్రయత్నించండి.’ అంతే. వెనకాల చిటపట, చిటపట. మా వీధి మంగలి గడ్డం సగం గీసి కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కుర్చీలో ఉన్న మనిషి కదలకుండా కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ ప్రయత్నించమని తనకు జీవితంలో ఇంత ప్రేమగా ఎవరూ చెప్పలేదట. ఆ మాట ఆయన పెళ్ళాం కొన్నేళ్ళుగా రోజూ చెబుతోంది, వీధి మొత్తానికి వినబడుతుంది కూడా. కానీ ఆవిడ గొంతులో చిటపట లేదు కదా.

రెండో వారం కోళ్ళకు జలుబు చేస్తే ఏం చేయాలో ఒక డాక్టరు చెప్పిన రికార్డు వేశారు. మా వీధిలో ఒక్కరికి కూడా కోడి లేదు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్న పేషెంట్లు నోరు మూయడం మరిచిపోయారు. ఒకావిడ తన పసిపిల్ల ముక్కు కారుతుంటే పట్టించుకోకుండా కోడి ముక్కు గురించి విన్నదంటే, ఈ కార్యక్రమం గొప్పతనం ఇంకేం చెప్పాలి!

ఇక నా బావగారి సంగతికొద్దాం. అసలు ఈ వరం విలువ నాకు తెలిసింది ఆయన వల్లే.

బావ అంటే మా అక్క మొగుడు. రేడియోలో అనౌన్సరు. వాన పడుతుందని చెబుతాడు, నీళ్ళు రావని చెబుతాడు, తప్పిపోయినవాళ్ళ ఆనవాళ్ళు చదువుతాడు. వీటితో పాటు మధ్యాహ్నం పది నిమిషాలు ఆయన సొంతం. ఏదో ఒక చిన్న విషయం మీద తనే రాసుకుని తనే మాట్లాడేవాడు. గొడుగు గురించి, పోగొట్టుకున్న బొత్తాం గురించి, మెట్ల మీద ఎదురుపడ్డ ఇద్దరిలో ఎవరు ముందు దారివ్వాలన్నదాని గురించి. ఆయన బతుకంతా ఆ పది నిమిషాల చుట్టూ తిరిగేది. మిగతా రోజంతా దానికి ముందు, దాని తర్వాత.

‘పాత మాట’కు చోటు కావలసి వచ్చినప్పుడు సహజంగానే ఆ పది నిమిషాలే పనికిరానివిగా కనబడ్డాయి.

ప్రొడ్యూసరమ్మ మంచిదే. మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని తిరుగుతుంది, వాటిని చెవులకు పెట్టుకోగా ఎవరూ చూడలేదు. బావను పిలిచి మెల్లగా చెప్పింది.

“సార్, మీరు రికార్డుకు ముందు రెండు మాటలు, తర్వాత రెండు మాటలు చెబితే చాలు.”

“నా తలుపు ప్రసంగం రాసిచ్చాను కదమ్మా. అది చదివారా?”

“చూశాను సార్. తలుపులు వేయడం గురించి. కానీ ఈ రోజుల్లో అంత ఓపిక ఎవరికుంది చెప్పండి?”

“కోళ్ళ జలుబుకు ఉంది కదా.”

“అది వేరు సార్. అందులో ఒక నిజాయితీ ఉంది.”

ఇంకో వారానికి ఆ రెండు మాటలూ పోయాయి. బావ గొంతు మరీ శుభ్రంగా ఉందట. దాని తర్వాత రికార్డు వింటుంటే, కడిగిన నేల మీద బురద కాళ్ళతో నడిచినట్టుందని పైవాళ్ళు అన్నారట. కాబట్టి నేల తీసేసి బురద ఉంచారు.

బావ తన ప్రసంగాన్ని ఇంట్లోనైనా వినిపించాలనుకున్నాడు. వాళ్ళింట్లో వినవలసినవాళ్ళు ఒక్కరే, మా అక్క. మా అక్కను తప్పు పట్టడానికి లేదు. ఇల్లూ, ఉద్యోగమూ, మోకాలి నొప్పీ మూడూ ఆవిడ ఒక్కతే మోస్తుంది. బావ కాగితం తీసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఒక్క నిమిషం వింటావా? ఇంట్లోకి ఎవరు వచ్చారో తలుపు చెబుతుంది...”

“తలుపంటే గుర్తొచ్చింది. పెరటి తలుపు గడియ ఊడింది. ఎన్నాళ్ళైంది చెప్పి?”

“అది కాదు, ఇది వేరే తలుపు.”

“మనకున్నవే రెండు తలుపులు. ఏది వేరే?”

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళాడు. వెళ్ళి గడియ బిగించాడు కూడా. బిగిస్తున్నంతసేపూ ఆ గడియకు ప్రసంగం మొత్తం చెప్పాడట. గడియ మధ్యలో అడ్డు రాలేదట.

ఈ సంగతులన్నీ బావ నా కొట్లో కాళ్ళు ఊగే స్టూలు మీద కూర్చుని చెబుతున్నప్పుడు, నేనొక కొత్త బల్లను పాతబడేలా గీకుతున్నాను. ఈమధ్య ఇదొక పని వచ్చింది నాకు. కస్టమర్లు నున్నటి కొత్త సామాను తెచ్చి, తాతల నాటిదిలా కనబడాలంటారు. గరుకు కాగితంతో నాలుగు గీతలు గీసి, ఒక మూల సొట్ట కొట్టి, టీ డికాషను పూస్తాను. అప్పుడు దాన్ని నిమురుతూ ‘ఆ రోజుల్లో పనితనమే వేరు’ అంటారు. నిన్న కోసిన చెక్క అది.

బావ నా చేతిలోని గరుకు కాగితం వైపు చాలాసేపు చూశాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, దీంతో రికార్డును గీకితే ఏమవుతుంది?”

“చచ్చినవాడి గొంతు వస్తుంది.”

“మెల్లగా గీకితే?”

“ఇంకా గౌరవంగా చచ్చినవాడిది వస్తుంది.”

మనం ఏం మాట్లాడితే దాన్ని పళ్లెం మీద గీసిచ్చే కొట్టు ఒకటి బజార్లో పెట్టారు. పెళ్ళిరోజుకు మొగుళ్ళు పెళ్ళాలకు ప్రేమగా నాలుగు మాటలు చెప్పి ఇస్తున్నారట. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే వినరు కాబట్టి. బావ అక్కడికి వెళ్ళి, తన మామూలు గొంతుతోనే తలుపు ప్రసంగం చదివాడు. గొంతు మార్చలేదు. మార్చమని నేను ఎంత చెప్పినా వినలేదు. తనను ఎవరైనా గుర్తుపట్టాలని ఆయనకు లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. పట్టుబడితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాడు పాపం.

గీకుడు పని నాది. ఎన్నో బల్లల్ని పాతబెట్టాను కానీ మనిషిని పాతబెట్టడం అదే మొదలు. నెమ్మదిగా, చుట్టూ సమానంగా గీకాను. అట్ట కవరును డికాషనులో ముంచి ఆరబెట్టాను. తర్వాత నేనే రేడియో స్టేషనుకు తీసుకెళ్ళి, పాలిష్‌కొచ్చిన పాత బీరువా అడుగున దొరికిందని చెప్పి ఇచ్చాను. ప్రొడ్యూసరమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. వాసన చూసి కళ్ళు మూసుకుంది.

“ఎంత కాలం నాటి వాసన,” అంది.

టీ పొడి వాసన అది. ఆ ఉదయం పొంగించినది.

మర్నాడు మధ్యాహ్నం వేశారు. ఆ ప్రసంగంలో కొంత మీకూ చెబుతాను. నేనిప్పుడు కాగితం మీద ఉన్నాను కాబట్టి మీరు వింటారు.

‘ఇంట్లోకి ఎవరు వచ్చారో చూడక్కర్లేదు, తలుపు చెబుతుంది. కోపంగా వచ్చినవాడు తలుపు వేయడు, వదిలేస్తాడు. తప్పు చేసి వచ్చినవాడు గడియకు ఎక్కడ నొప్పి పుడుతుందోనన్నట్టు వేస్తాడు. మా ఇంట్లో ఒకావిడ ఉంది. ఆవిడ తలుపు ఎప్పుడూ పూర్తిగా వేయదు. వెనకాల ఎవరైనా వస్తారేమోనని వేలెడు సందు ఉంచుతుంది. ఇన్నేళ్ళుగా నేను ఆ సందులోంచే ఇంట్లోకి వస్తున్నాను. ఆ మాట ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.’

మంగలి ఈసారి కొట్టే కట్టేశాడు. బస్సు డ్రైవరు రేడియో పెంచి, దిగవలసినవాళ్ళను దిగనివ్వకుండా రెండు స్టాపులు దాటించాడు. ఒక్కరు కూడా అడగలేదట. ఆఫీసుల్లో జనం లేచి వెళ్ళి తలుపులు తీసి వేసి, తీసి వేసి, ఆ చప్పుడు విని నిట్టూర్చారు. మా వీధి వడ్రంగికి చేతి నిండా పని దొరికింది.

స్టేషనుకు ఫోన్లే ఫోన్లు. ఎవరా మహానుభావుడు? ఎప్పుడు పోయాడు? ఆఖరి రోజుల్లో ఎవరైనా చూసుకున్నారా? ఆ గొంతులో ఎంత అనుభవం, ఎంత తడి! ఆ తడి గురించి నేను చెప్పగలను, రికార్డు గీకేటప్పుడు కాస్త నీళ్ళు చల్లాను.

పక్క గదిలో కూర్చుని నీళ్ళు రావని చదువుతున్న బావను మాత్రం ఎవరూ గుర్తుపట్టలేదు. ఇందులో వింతేం లేదు. చచ్చినవాడి గొంతని ముందే చెప్పాక, చెవి బతికున్నవాళ్ళలో ఎందుకు వెతుకుతుంది? ప్రొడ్యూసరమ్మ ఆయన దగ్గరికే వచ్చి, “ఇదీ సార్ మాట్లాడటమంటే. మీరు కూడా ఇలాంటివి వింటూ ఉండండి,” అని చెప్పి వెళ్ళింది.

బావ ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్ళాడు. స్టేషను వాళ్ళెవరూ గుర్తుపట్టకపోయినా సరే, ఇంట్లో ఒక్క మనిషి గుర్తుపడితే చాలుననుకున్నాడు. సాయంత్రం మళ్ళీ వేశారు. మా అక్క స్టవ్వు కట్టేసి, రేడియో ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఆవిడ కూర్చుని ఉండగా చూడటమే ఒక వింత. బావ గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమోయ్...”

అక్క చెయ్యెత్తి ఆపింది. “ష్. పెద్దాయన చెబుతున్నాడు.”

పెద్దాయన చెబుతూ పోయాడు. వేలెడు సందు వచ్చింది. అక్క ముక్కు ఎగబీల్చింది.

“ఎంత బాగా చెప్పాడండీ. ఆవిడెవరో గానీ పెట్టి పుట్టింది. మొగుడికి అన్ని మాటలు వచ్చు.”

“ఆవిడ నువ్వే.”

“ఊరుకోండి, మీకన్నీ వేళాకోళాలే. గడియ బిగించారా?”

“ఎప్పుడో బిగించాను.”

“అయితే ఇంకా చప్పుడెందుకు చేస్తోంది?”

మర్నాడు ఆయన నా కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను గీకడం ఆపలేదు.

“నాకు నా పది నిమిషాలు కావాలిరా,” అన్నాడు చివరికి. “వాడెవడో చచ్చినవాడికి కాదు. నాకు.”

అదృష్టం కలిసొచ్చినట్టే కనబడింది. తలుపు పెద్దాయనకు నివాళిగా ఒక ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. రికార్డు వేసిన తర్వాత ఆయన గురించి ఎవరైనా నేరుగా నాలుగు మాటలు చెప్పాలి. చచ్చినవాళ్ళకు నివాళి చెప్పడానికి ఇంకో చచ్చినవాడి రికార్డు దొరకలేదు. గత్యంతరం లేక బావను కూర్చోబెట్టారు.

నేను కొట్లో రేడియో పెట్టుకుని విన్నాను. రికార్డు అయిపోయింది. చిటపట ఆగింది. ఆ వెంటనే బావ గొంతు వచ్చింది, కడిగిన నేలలాగా.

“మీరు ఇప్పుడు విన్న మనిషిని నేనే. నేను బతికే ఉన్నాను. ఈ ఊరి రేడియోలో రోజూ వాన గురించి చెబుతున్నాను. ఆ ప్రసంగం రాసింది నేను, చదివింది నేను. ఆ తలుపు మా ఇంటిది, ఆవిడ మా ఆవిడ. కావాలంటే మళ్ళీ చెబుతాను, వినండి.”

మళ్ళీ చెప్పాడు కూడా. ఒక్క ముక్క చూడకుండా, మొదటి నుంచి చివరిదాకా. రికార్డులో కంటే బాగా చెప్పాడు. నా గీకుడుకు నేనే సిగ్గుపడ్డాను.

ఫోన్లు మళ్ళీ మోగాయి. ఆ మహానుభావుడి గొంతెక్కడ, ఈయన గొంతెక్కడ? పోయినవాళ్ళ పేరు చెప్పుకుని పైకి రావాలనుకోవడానికి మనిషికి సిగ్గుండక్కర్లేదా? అంత గొప్ప ప్రసంగాన్ని అనుకరించబోయి ఎంత నాసిగా చదివాడో విన్నారా? ఒకాయనైతే ఆ పెద్దాయనను తాను చిన్నప్పుడు స్వయంగా చూశానని, తెల్లటి గడ్డం ఉండేదని చెప్పాడు.

ప్రొడ్యూసరమ్మ బావకు మంచినీళ్ళిచ్చింది. తిట్టలేదు. చెప్పానుగా, మంచిదని.

“పోన్లెండి సార్. అంత మంచి మాట వింటే మనమే చెప్పి ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. నాలుగు రోజులు సెలవు పెట్టండి.”

బావ నడిచే ఇంటికి వెళ్ళాడు. తలుపు వేలెడు సందు తెరిచి ఉంది. లోపలికి వెళ్ళి, మెల్లగా, గడియకు నొప్పి పుట్టకుండా వేశాడు. అక్క వంటింట్లోంచి తల తిప్పకుండానే అంది.

“ఏం తప్పు చేసి వచ్చారు?”

బావ గబగబా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. “ఎలా తెలిసింది? రేడియో విన్నావా?”

“తలుపు వేసిన తీరులోనే తెలియడం లేదూ? ఆ పెద్దాయన చెప్పాడుగా.”

“మరి ఆ తర్వాత చెప్పింది? రికార్డు అయ్యాక?”

“ఎవరో మధ్యలో దూరి మాట్లాడటం మొదలుపెట్టాడు. కట్టేశాను.”

బావ నోరు తెరిచాడు. అక్క గడియారం వైపు చూసి కుర్చీ లాక్కుంది. ఆ వెధవెవడో పాడుచేశాడని జనం గోల పెడితే, సాయంత్రం రికార్డు మళ్ళీ వేస్తున్నారట, పక్కింటావిడ చెప్పిందట. ఇంకో కుర్చీ చూపించి, “కూర్చోండి, మీరూ వినండి. మీరు చెప్పేదేదో అయ్యాక చెబుదురుగాని,” అంది.

బావ కూర్చున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మొత్తం విన్నారు. వేలెడు సందు దగ్గర అక్క చెయ్యి చాపి, చూడకుండానే, బావ చెయ్యి పట్టుకుంది. రికార్డు అయ్యేదాకా వదల్లేదు. అయ్యాక లేచి స్టవ్వు వెలిగించింది.

అందుకే అంటున్నాను, ఇది వరం. మాటల రికార్డులే లేకపోతే మా బావకు ఆ పది నిమిషాలు దొరికేవా? ఆ చెయ్యి దొరికేదా? ఇప్పుడు ఆయన ఇంకో ప్రసంగం రాసుకుని నా కొట్టుకు వచ్చాడు. ఈసారి కాస్త గట్టిగా గీకమంటున్నాడు.

మీ ఇంట్లో కూడా, ఇందాక మీరు ఈ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నప్పటి నుంచి, ఎవరో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒకసారి ‘ఏమండీ’ అనో, ‘నాన్నా’ అనో అని ఆగిపోయారు. తొందరేం లేదు. చదవడం పూర్తి చేసుకోండి.

రికార్డు వచ్చాక విందురుగాని.